మౌస్ ఆగిపోతే చేతులు కట్టేసినట్టవుతోంది

ప్రశ్న: కోస్తాలోని ఒక చిన్న పట్టణం నుంచి 46 ఏళ్ల సోదరి ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె ఒక పన్నుల సలహాదారు ఆఫీసులో పదకొండేళ్లుగా లెక్కలు చూస్తున్నారు. రోజంతా ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్, ఎక్సెల్. నెలలో రెండుసార్లు, 11వ, 20వ తేదీల్లో, జీఎస్టీ రిటర్నుల ఒత్తిడి. గత నెల 20వ తేదీ సాయంత్రం, జీఎస్టీఆర్-3బి అనే రిటర్ను దాఖలుకు గడువు ముగిసే రోజున, ఆమె కంప్యూటర్ మౌస్ ఉన్నట్టుండి ఆగిపోయింది. తెర మీద బాణం గుర్తు కదలలేదు. అప్పటికి ఇంకా ముగ్గురు వ్యాపారుల రిటర్నులు మిగిలి ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి సరిచూసిన కొనుగోళ్ల పట్టిక ఎక్సెల్‌లో సేవ్ చేయకుండా ఉంది. ఆఫీసులో ఆమె ఒక్కరే ఉన్నారు, బజారులో దుకాణాలు మూసేశారు. ఏమీ తోచక పవర్ బటన్ నొక్కి పట్టుకుని కంప్యూటర్ ఆపేశారు. మళ్లీ వేసినా మౌస్ రాలేదు. పట్టిక పోయింది, మూడు రిటర్నులూ మర్నాటికి పడ్డాయి.

మర్నాడు ఆఫీసులో కొత్తగా చేరిన 23 ఏళ్ల కుర్రాడు "మౌస్ లేకపోయినా చేసేయవచ్చు కదక్కా" అని నవ్వాడు. యజమాని అందరి ముందు "ఇన్నేళ్లుగా చేస్తున్నారు, ఈ మాత్రం తెలియదా?" అన్నారు. ఈ నెల రిటర్నుల్లో సగం ఆ కుర్రాడికి అప్పగించారు. అప్పటి నుంచి ఈ సోదరి బ్యాగులో ఇంకో మౌస్ పెట్టుకుని తిరుగుతున్నారు. 18వ తేదీ వచ్చేసరికి అన్నం సహించడం లేదట. దీనికి తోడు కొన్ని నెలలుగా కుడి మణికట్టు నొప్పి, రాత్రివేళ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరి. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. భర్త మానేయమంటున్నారు. బెంగళూరులో ఉన్న కూతురు ఫోనులో కీబోర్డు పాఠాలు చెబుతూ మధ్యలో విసుక్కుంటోంది. "ఈ వయసులో నేను కీబోర్డుతో పని నేర్చుకోగలనా? చేతి నొప్పి సంగతి సార్‌కు చెబితే ఉన్న పని కూడా పోతుందా? వాళ్లు పొమ్మనకముందే మర్యాదగా మానుకోవడం మంచిదా?" అని అడిగారు.

సమాధానం: అమ్మా, మీరు లెక్కల మనిషి కాబట్టి ముందు ఆ సాయంత్రం జరిగిన నష్టాన్ని లెక్క కడదాం. 3బి ఒక రోజు ఆలస్యమైతే రుసుము కేంద్రం వాటా 25, రాష్ట్రం వాటా 25, కలిపి 50 రూపాయలు. పన్ను కట్టనవసరం లేని రిటర్నుకైతే 20. మూడింటికీ కలిపి 150కి మించదు. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం చొప్పున ఒక రోజు వడ్డీ. ఇది మీకు నాకంటే బాగా తెలుసు. అయినా మీ ఉత్తరమంతా చదివితే ఏదో పెద్ద దోషం చేసిన మనిషి మాటల్లా ఉన్నాయి. 150 రూపాయల ఆలస్యానికి నెల రోజులుగా అన్నం మానుకుంటున్నారు. మిమ్మల్ని బాధిస్తున్నది మౌస్ కాదు, నలుగురిలో పడిన ఆ ఒక్క మాట.

మీ యజమాని ఆ మాట అనకుండా ఉండాల్సింది. చివరి రోజు సాయంత్రం దాకా మూడు రిటర్నులు మిగిలాయంటే అది ఒక్క ఉద్యోగి తప్పు కాదు. వ్యాపారులు బిల్లులు ఆలస్యంగా పంపుతారు, ఆఫీసు వాళ్లను తొందరపెట్టదు, భారమంతా చివరికి కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి మీద పడుతుంది. ఆ పూట మౌస్ పోయింది కాబట్టి మౌస్ కనిపించింది. కరెంటు పోయినా, జీఎస్టీ వెబ్‌సైటు (పోర్టల్) మొరాయించినా జరిగేది అదే.

ఇక మీ మొదటి ప్రశ్న. నేర్చుకోగలనా అని అడిగారు. ట్యాలీలో అమ్మకం బిల్లు ఎలా వేస్తారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎఫ్8 నొక్కుతారు. కొనుగోలుకు ఎఫ్9, చెల్లింపుకు ఎఫ్5, వసూలుకు ఎఫ్6. తేదీ మార్చాలంటే ఎఫ్2. కొత్త ఖాతా తెరవాలంటే మధ్యలోనే ఆల్ట్, సి. అంతా అయ్యాక కంట్రోల్, ఎ. వెనక్కి రావడానికి ఎస్కేప్. ఇందులో మౌస్ ఎక్కడుంది? పదకొండేళ్లుగా మీ రోజులో ఎక్కువ భాగం కీబోర్డు మీదే నడుస్తోంది. మీకు కొత్తగా రావలసింది ఆ పద్ధతిని ట్యాలీ బయట కూడా వాడడం, అంతే. వయసు మాట ఇక్కడ అక్కర్లేదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను మొదటిసారి బహిరంగంగా చూపించాడు. ఆ తర్వాత చాలా ఏళ్ల దాకా ఆఫీసుల్లో కంప్యూటర్లు కీబోర్డుతోనే నడిచాయి. మౌస్ వచ్చాక కూడా కీబోర్డు దారులను ఎవరూ మూసేయలేదు. చూపులేని వాళ్లు ఈనాటికీ మౌస్ ముట్టుకోకుండా బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పూర్తి ఉద్యోగాలు చేస్తున్నారు.

ఆ సాయంత్రాన్ని మళ్లీ ఒకసారి మొదటి నుంచి చూద్దాం. బాణం కదలనప్పుడు ముందు తెలుసుకోవలసింది ఆగిపోయింది మౌసా, కంప్యూటరా అని. క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. కీబోర్డు మీద దాని దీపం వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ బాగానే ఉందని దాదాపు ఖాయం. అప్పుడు మీరు చేయాల్సిన మొట్టమొదటి పని కంట్రోల్, ఎస్. ఎక్సెల్ తెర ఎదురుగా ఉంటే ఆ రెండు మీటలతో మీ పట్టిక భద్రం. అదివరకు ఎప్పుడూ సేవ్ చేయని కొత్త ఫైలైతే పేరు అడుగుతుంది. పేరు టైపు చేసి ఎంటర్ కొట్టడమే. ఎదురుగా ఇంకేదో తెర ఉంటే ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కుతూ ఎక్సెల్ దగ్గరికి రావాలి. ఫైలు భద్రమయ్యాక ఇక కంగారు పడాల్సింది లేదు, నింపాదిగా మౌస్ సంగతి చూడవచ్చు. తిరగేసి కింద దీపం వెలుగుతోందో లేదో చూడండి, కొన్ని మౌసుల్లో అది కనిపించదనుకోండి. తీగ ఉన్నదైతే తీసి ఇంకో యూఎస్‌బీ రంధ్రంలో పెట్టండి. తీగ లేనిదైతే బ్యాటరీ మార్చండి, కంప్యూటర్‌కు గుచ్చిన చిన్న రిసీవర్‌ను తీసి మళ్లీ గుచ్చండి. చాలాసార్లు ఇంతటితో సరిపోతుంది. అప్పటికీ రాకపోతే కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపి, మళ్లీ వేయాలి. విండోస్ మీట, డి కలిపి నొక్కితే తెరలన్నీ పక్కకు తప్పుకుంటాయి. ఆపైన ఆల్ట్, ఎఫ్4 నొక్కితే ఆపాలా, మళ్లీ మొదలుపెట్టాలా అని అడుగుతుంది. పైకీ కిందికీ బాణం మీటలతో ఎంచుకుని ఎంటర్ కొట్టండి. పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం క్యాప్స్ లాక్ దీపం కూడా స్పందించనప్పుడు మాత్రమే.

పోయిన పట్టిక గురించి కూడా ఒక మాట. ఎక్సెల్ మామూలుగా పది నిమిషాలకోసారి తనంతట తాను ఒక ప్రతిని దాచుకుంటుంది. అర్ధంతరంగా ఆగిపోయాక మళ్లీ తెరిస్తే, దొరికిన ఫైళ్ల జాబితా సాధారణంగా ఎడమ పక్కన చూపిస్తుంది. తొందరలో చాలామంది దాన్ని మూసేస్తారు. ఇకమీదట ఆ జాబితా కనిపిస్తే చదవకుండా మూసేయకండి.

పోర్టల్ దగ్గర కథ కొంచెం వేరు, అక్కడ మీకు నిజంగానే ఇబ్బంది వస్తుంది. బ్రౌజర్‌లో ట్యాబ్ నొక్కిన కొద్దీ ఒక సన్నని గీత చుట్టిన పెట్టె ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదులుతుంది. మీరు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో చెప్పేది అదే, దాని మీద కన్ను వేసి ఉంచాలి. వెనక్కి రావాలంటే షిఫ్ట్, ట్యాబ్. టిక్కు పెట్టే గడిలో స్పేస్ బార్. జాబితా తెరవాలంటే ఆల్ట్ పట్టుకుని కింది బాణం, లేదా కావలసిన మాట మొదటి అక్షరం. పేజీలో ఎక్కడో ఉన్న లింకు కోసం యాభైసార్లు ట్యాబ్ కొట్టనవసరం లేదు. కంట్రోల్, ఎఫ్ నొక్కి ఆ లింకు మీదున్న మాటను టైపు చేయండి. అది దొరికాక ఎస్కేప్, తర్వాత ఎంటర్. లింకు తెరుచుకుంటుంది. ఈ ఒక్క ఉపాయం తెలిస్తే వెబ్‌సైట్లలో సగం ప్రయాస తగ్గుతుంది.

అయినా కొన్ని సైట్లలో కొన్ని బటన్ల దగ్గరికి ట్యాబ్ ఎంత కొట్టినా వెళ్లదు. ఇది మీ చేతకానితనం కాదు. వెబ్‌సైటులో ప్రతి పనీ కీబోర్డుతో చేయగలగాలన్నది 2008లో వచ్చిన అంతర్జాతీయ వెబ్ ప్రమాణాల్లో అట్టడుగు మెట్టు మీదే ఉన్న నియమం. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా ఎలక్ట్రానిక్ సేవలు వాళ్లకు అందుబాటులో ఉండాలంటోంది. అది పాటించకుండా కట్టిన పేజీ ముందు చూపులేని అకౌంటెంటూ ఆగిపోతారు, మౌస్ పాడైన మీరూ ఆగిపోతారు. ఆ కోపం మీ మీద మీరు చూపించుకోకండి.

అలాంటి చోట మిగిలిన దారి, అంకెల మీటలనే మౌస్‌గా మార్చుకోవడం. విండోస్‌లో దీన్ని మౌస్ కీస్ అంటారు. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్ పట్టుకుని నమ్‌లాక్ నొక్కండి. తెర మీద అనుమతి అడుగుతుంది, 'యస్' (Yes) దగ్గర ఎంటర్ కొట్టండి. ఇక కుడి పక్క అంకెల మీటల్లో 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకు, 6 కుడికి బాణాన్ని కదుపుతాయి. 7, 9, 1, 3 ఏటవాలుగా కదుపుతాయి. 5 నొక్కితే క్లిక్. ప్లస్ నొక్కితే డబుల్ క్లిక్. కుడి క్లిక్ కావాలంటే ముందు మైనస్ నొక్కి తర్వాత 5, మళ్లీ ఎడమ క్లిక్‌కు మారాలంటే భాగాహారం గుర్తు. సున్నా నొక్కితే పట్టుకుని లాగుతుంది, చుక్క నొక్కితే వదులుతుంది. మీ వృత్తిలో ఉన్నవాళ్లు ఇక్కడ ఒకటి తప్పక గుర్తుంచుకోవాలి. ఇది నడుస్తున్నంత సేపూ ఆ పక్కనున్న మీటలతో అంకెలు పడవు. అలవాటు కొద్దీ మొత్తం టైపు చేయబోతే బాణం ఎటో పరుగెడుతుంది. అంకెలన్నీ పై వరుసలోంచి కొట్టండి, లేదా అదే మూడు మీటలు మళ్లీ నొక్కి దీన్ని ఆపేయండి. అంకెల మీటలు విడిగా లేని చిన్న ల్యాప్‌టాప్‌లో ఈ దారి కుదరడం కష్టం. కాకపోతే ల్యాప్‌టాప్‌కు టచ్‌ప్యాడ్ ఉంటుంది. అది కూడా పనిచేయడం లేదంటే పై వరుస మీటల్లో ఏదో దాన్ని పొరపాటున ఆపేసి ఉండవచ్చు, టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న మీట కోసం చూడండి.

ఎంతవరకు నేర్చుకోవాలన్నది మీ ఇష్టం. బ్యాగులో ఇంకో మౌస్ ఉంచుకోవడం దగ్గరే ఆగిపోవచ్చు. అందులో తప్పేమీ లేదు, ఆ మౌస్‌ను తీసేయమని నేను అనను. కానీ మౌస్‌ది కాకుండా యూఎస్‌బీ రంధ్రానిది లోపమైతే అది ఆదుకోకపోవచ్చు, మీ భయం కూడా అలాగే ఉంటుంది. లేదా ఆపద సమయానికి సరిపడా నేర్చుకోవచ్చు. అంటే సేవ్ చేయడం, తెరలు మార్చడం, పద్ధతిగా ఆపడం, మౌస్ కీస్. ఇవి ఒక పావు కాగితం మీద రాసి మానిటర్ అంచున అతికించుకుంటే చాలు. అయితే వాడకపోతే మరిచిపోతారు. అందుకే నెలలో పని తక్కువగా ఉండే రోజు చూసి, కావాలనే మౌస్ తీగ ఊడదీసి, ఒక అరగంట దాచిపెట్టి పనిచేయండి. పొరపాటున కూడా 11వ తేదీ ముందో 20వ తేదీ ముందో ఈ ప్రయోగం పెట్టుకోవద్దు. ఇంకా ముందుకు వెళ్లాలనుకుంటే రోజువారీ పనినే కీబోర్డుకు మార్చుకోవచ్చు. ఎక్సెల్‌లో కంట్రోల్ పట్టుకుని బాణం నొక్కితే పట్టిక చివరికి వెళ్తారు, షిఫ్ట్ కూడా జోడిస్తే అంతవరకూ ఎంపికవుతుంది. ఆల్ట్ ఒక్కటే నొక్కి వదిలితే పైనున్న ప్రతి బటన్ మీద ఒక అక్షరం కనిపిస్తుంది, ఏదీ కంఠస్థం చేయనవసరం లేదు. కాకపోతే మొదటి కొన్ని వారాలు మీ వేగం తగ్గుతుంది. ఇప్పుడు మీ ఆఫీసులో ఉన్న పరిస్థితిలో ఆ మందగింపు ఎవరి కంట పడుతుందో కూడా ఆలోచించుకోండి. నా మాటగా అడిగితే, ఈ నెలకు ఆపద్ధర్మం వరకే నేర్చుకోండి. పెద్ద మార్పు సంగతి డాక్టర్‌ను కలిశాకే.

ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఆ తిమ్మిరి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిపూట తిమ్మిరెక్కడం మణికట్టు దగ్గర నరం మీద ఒత్తిడి పడినప్పుడు కనిపించే లక్షణం. అదే అని నేను తేల్చలేను, తేల్చాల్సింది ఎముకల డాక్టరో నరాల డాక్టరో. అశ్రద్ధ చేస్తే పట్టు సడలే ప్రమాదం ఉంది, తొందరగా చూపిస్తే చాలామందికి పట్టీ, విశ్రాంతి, పని పద్ధతిలో మార్పులతోనే ఉపశమనం దొరుకుతుంది. మీరు ఇంకో సంగతి గమనించాలి. మౌస్ మానేసి కీబోర్డుకు మారితే నొప్పి దానంతట పోతుందన్న హామీ లేదు. మణికట్టు పైకి వంచి గంటలకొద్దీ మీటలు కొట్టినా ఆ నరానికి కష్టమే. కీబోర్డు మోచేతి ఎత్తులో ఉండాలి, మణికట్టు తిన్నగా ఉండాలి. కొన్ని పనులకు మౌస్‌ను ఎడమచేతికి మార్చి చూడవచ్చు, సెట్టింగుల్లో దాని బటన్లను తారుమారు చేసే వీలుంది. ఏది మీ చేతికి నప్పుతుందో డాక్టర్‌ను అడగండి.

సార్‌కు చెప్పాలా వద్దా? చెప్పకపోతే ఈ నెల గడుస్తుంది. కానీ నొప్పి వల్ల తగ్గే వేగాన్ని ఆయన చేతకానితనం ఖాతాలో రాసుకుంటారు, ఇప్పటికే ఆ అపోహకు దారి పడింది. చెబితే పని ఇంకొంచెం తగ్గించే అవకాశం లేకపోలేదు, అలా జరగదని నేను మాట ఇవ్వలేను. అందుకే డాక్టర్‌ను కలిసిన తర్వాత, సార్ ఒంటరిగా ఉన్న సమయంలో, డాక్టర్ రాసిన చీటీతో వెళ్లండి. నొప్పి ఉందని చెప్పి ఆగిపోకుండా, ఏం కావాలో కూడా అడగండి. కీబోర్డు కింద లాగుడు బల్ల, ఆఫీసులో ఒక విడి మౌస్, వ్యాపారుల బిల్లులు 15వ తేదీకల్లా రావాలన్న నియమం. మూడూ ఆయనకూ లాభమే. నలుగురిలో అన్న మాట నొప్పించిందని కూడా అప్పుడే చెప్పవచ్చు. "సార్, తప్పుంటే నన్ను పిలిచి చెప్పండి, అందరి ముందు వద్దు" అంటే సరిపోతుంది. పదకొండేళ్లు పనిచేసిన మనిషికి ఆ మాట అనే హక్కు ఉంది. దాని తర్వాత కూడా ఆయన తీరు మారకపోతే, ఆయన గురించి మీకు తెలియాల్సింది తెలిసినట్టే.

రిటర్నుల్లో సగం ఆ కుర్రాడికి ఇచ్చారంటే మిమ్మల్ని పంపించేస్తున్నారని అర్థం కానవసరం లేదు. ఆయన మీతో అలా అన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ చివరి రోజు భయమే ఆయన చేత పని పంచించి ఉండవచ్చు. ఆ కుర్రాడి నవ్వు మిమ్మల్ని నొప్పించింది, అయితే అతనికి మీటలు తెలిసినంతగా ఏ వ్యాపారి బిల్లుల్లో ఏ తిరకాసు ఉంటుందో, ఏ సరుకుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గింపు) రాదో తెలియదు. ఆ సంగతి ఈ నెల 20న అతనికే అర్థమవుతుంది. అప్పుడు మీ దగ్గరికి వస్తాడు. చెప్పండి, అడిగి నేర్చుకోండి కూడా. మీకు అతనితో మాట కలపాలనిపించకపోతే బలవంతం ఏమీ లేదు, పైన రాసినవి మీరే చేసుకోగలిగినవే.

మానేయడం గురించి. మీవారు ప్రేమతోనే అంటున్నారనుకుంటాను, మీరు రాత్రులు చేయి పట్టుకుని కూర్చోవడం ఆయన చూస్తున్నారు కదా. డాక్టర్ చేతికి పూర్తి విశ్రాంతి కావాలంటే ముందు సెలవు అడగండి, అది దొరకనప్పుడు మానడం సరైన నిర్ణయమే, అందులో అవమానం లేదు. కానీ ఆ కుర్రాడి నవ్వు వల్ల, సార్ మాట వల్ల ఇప్పుడే మానేస్తే, రేపు ఇంకో ఆఫీసులో చేరినా 18వ తేదీ రాగానే అన్నం సహించదు. ఒకటి రెండు నెలలు ఆగి, చేయి కుదుటపడ్డాక, మౌస్ లేకుండా ఒక రిటర్ను మీ చేత్తో దాఖలు చేశాక నిర్ణయించుకుంటే మంచిదని నా అభిప్రాయం.

అమ్మాయిని ఫోనులో పాఠాలు చెప్పవద్దని చెప్పండి. కళ్ల ముందు తెర లేకుండా మీటలు నేర్పడం ఎవరికైనా కష్టమే, అందుకే విసుక్కుంటోంది. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు ఒక గంట పక్కన కూర్చోమనండి. తను మీట ముట్టుకోకూడదు, నోటితో చెప్పాలి, మీరే నొక్కాలి. ఈలోపు, వచ్చే నెల 11వ తేదీ పని మొదలయ్యేలోగానే, డాక్టర్ దగ్గరికి వెళ్లి రండి. ఆయన ఏమన్నారో, సార్ ఏమన్నారో మళ్లీ రాయండి.